కొడుక్కి నేను నేర్పిన గొంతు

మా అబ్బాయిది సన్న గొంతు. ఫోన్ ఎత్తితే అవతలివాళ్లు "అమ్మా" అనే పిలుస్తారు. ఫోన్లో మాట్లాడిన తర్వాతే మూడు సంబంధాలు తప్పిపోయాయి. అందుకే నాలుగో అమ్మాయితో గొంతు లావు చేసి మాట్లాడమని నేనే చెప్పాను. వారం రోజులు పక్కన కూర్చుని నేర్పించాను కూడా. నెల రోజులుగా ఇద్దరూ బాగా మాట్లాడుకుంటున్నారు.

ఈ రోజు లేపాక్షి గుడిలో రెండు కుటుంబాలూ కలిశాం. అక్కడా వాడు లావుగానే మాట్లాడాడు. మెట్ల దగ్గర ఆ అమ్మాయి కాలు జారబోయేసరికి మాత్రం "పడతావు, చూసుకో!" అని సొంత గొంతుతో అరిచేశాడు.

ఆమె నిలబడిపోయింది. "మరి ఇన్ని దినాలు నాతో మాట్లాడింది ఎవరప్పా?"

"నేనే. మాయమ్మ అట్ల మాట్లాడమనింది."

"మీయమ్మ ఇంకా ఏమేం చెప్పమనింది?"

గొంతు బాగాలేదని ఆమె ఒక్క మాట అనలేదు. ఆలోచించి చెప్తామని వాళ్లు వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి అన్నం పెట్టనా అంటే, వాడు ఆ లావు గొంతుతోనే "వద్దు" అన్నాడు.

తప్పు నాదని ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెబుదామనుకుంటున్నా. కానీ మళ్లీ వాడి బదులు మాట్లాడేది నేనే అవుతాను కదా. మీరైతే చేస్తారా?