కాపడం పెట్టిన రాయి

మా అమీర్‌పేట గల్లీలో గది కోసం వచ్చేవాళ్లందరూ కంప్యూటర్ కోర్సు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లే. ఆ పిల్ల ఒక్కతే రాళ్లతో వచ్చింది. బట్టల బ్యాగు చిన్నది, రాళ్ల డబ్బా పెద్దది. ఆటో అతను డబ్బాను గేటు దగ్గరే దించేసి పోతే, మా ఆయన కుట్టుమిషన్ మీద నుంచి లేచి వచ్చి ఒక చెయ్యి వేశాడు. ఆయన టైలరు, నేను చీరలకు ఫాల్ కుడతాను. కింద గదే మా దుకాణం, పై గది అద్దెకిస్తాం.

"ఏంది బిడ్డా, ఇల్లు గిట్ల కడుతున్నవా?" అన్నాడాయన.

"లేదండీ, వీటిలో ఒకటి వెతకాలి," అంది.

కోస్తా పిల్ల. నన్ను పిన్నిగారూ అని పిలిచేది. పొద్దున్నే పంజాగుట్ట దాకా నడిచి, అక్కడ బస్సెక్కి ల్యాబ్‌కు పోయేది. నేను చదివింది అయిదో తరగతి. అయినా ఆమె చెప్పింది చెప్పినట్టే గుర్తుంది. లోకంలో చాలా బరువైన మూలకాలు కొన్ని ఉన్నాయట. వాటిని పెద్ద పెద్ద మిషన్లలో పుట్టిస్తే కన్ను మూసి తెరిచేలోగా పోతాయట. అంతకంటే బరువైనది, పోకుండా నిలిచేది, ఏదైనా పాత రాతిలో చిక్కుకుని మిగిలిందేమోనని ఈమెలాంటివాళ్ల ఆశ. అది కంటికి కనపడదు. దాని పరమాణువు ఒకటి పగిలినప్పుడు మాత్రం రాతిలోని పలుకుల్లో ఒక గీత పడుతుంది. మామూలు గీతల కంటే పొడుగైన గీత కనబడితే, అది అక్కడ ఉన్నట్టు.

"ఇంతకుముందు ఎవరన్న సూసిండ్రా?" అని అడిగాను.

"లేదు పిన్నిగారూ."

"మరి ఉన్నదని నీకెట్ల ఎరుక?"

"ఎరుక లేదు. ఉంటే బాగుండునని," అని నవ్వింది. ఆ నవ్వులో ఆకలి ఉంది. సంబంధం కుదిరిందో లేదో కబురు రాని ఇంట్లో ఆడవాళ్లు అలా నవ్వడం చూశాను.

నాలుగు రాళ్లు తెచ్చుకుంది. మూడు కోసి చూస్తే ఏమీ లేదు. నాలుగోది అరచేతిలో పట్టేది, నల్లగా, నున్నగా ఉండేది. అది తవ్విన క్వారీ నీళ్లతో నిండిపోయిందట, అలాంటి రాయి ఇక దొరకదట. నెలాఖరుకు ఆమె ఉద్యోగమూ అయిపోతుంది. ఆ ఒక్క రాయి మీదే పెట్టుకుంది ప్రాణమంతా. గది ఊడ్చేటప్పుడు నాకు రెండు జాగ్రత్తలు చెప్పింది: రాయిని కడగొద్దు, పసుపు, నూనె తగలనివ్వొద్దు.

రేపు కోయిస్తానన్న రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. వారాల తరబడి మైక్రోస్కోపు మీద వంగి వంగి మెడ పట్టేసింది. తల తిప్పలేక మంచం మీద పడిపోయి, అలాగే కునుకు తీసింది. మా ఇళ్లల్లో మెడ పట్టినా నడుం పట్టినా రాయి కాల్చి, పాత చీరముక్కలో చుట్టి కాపడం పెడతాం. నేను రోజూ వాడే ఇటుకముక్క అంతకు ముందురోజే పగిలింది. కిటికీలో ఆ నల్లరాయి కనబడింది. మెడ వంపులో సరిగ్గా కూర్చునేలా ఉంది. దానికి ఆమె కట్టుకున్న గుర్తు చీటీ విప్పి భద్రంగా పక్కన పెట్టాను. కడగలేదు. పసుపు రాయలేదు. స్టవ్ మంట మీద అరగంట ఉంచాను.

బట్టలో చుట్టి మెడ కింద పెట్టగానే, "అబ్బా, హాయిగా ఉంది," అంది కళ్లు మూసుకునే. కాసేపటికి చెయ్యి వెనక్కి పోనిచ్చి తడిమి చూసింది. లేచి కూర్చుంది. బట్ట విప్పింది.

"పిన్నిగారూ, ఎంతసేపు కాల్చారు?"

చెప్పాను. వేడి తగిలితే గీతలు మూసుకుపోతాయని అప్పుడు చెప్పింది. కోట్ల ఏళ్లు ఉన్నది అరగంటలో పోతుందట. "తిట్టు బిడ్డా, జర తిట్టన్న తిట్టు," అన్నాను. ఆమె తిట్టలేదు. ఆ రాయిని మళ్లీ మెడ కింద పెట్టుకుని, అటు తిరిగి పడుకుని, చల్లారేదాకా ఏడ్చింది. చీకటిపడే వేళకు లేచి, "నొప్పి తగ్గింది," అంది. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు కోయించి చూసింది. ఒక్క గీతా లేదు. ఆ పొడుగు గీత మొదటి నుంచీ లేదా, నేను చెరిపానా, చెప్పేవాళ్లు లేరు.

నెలాఖరున వేరే ఊళ్లో పని దొరికింది. పంజాగుట్టలో బస్సు ఎక్కించడానికి పోయాను. మిగిలిన రాయిముక్క నా చేతిలో పెట్టింది.

"ఇంక దీంట్ల ఏం లేదు గద బిడ్డా?"

"గీతలు లేవు. ఆ మూలకం ఉంటే అది ఎక్కడికీ పోదు. మళ్లీ ఒక పరమాణువు పగిలితే కొత్త గీత పడుతుంది."

"ఎన్ని దినాలకు?"

"రేపు పడొచ్చు. మనం ఉండగా పడకపోవచ్చు."

బస్సు ఫ్లైఓవర్ ఎక్కి కనుమరుగయ్యేదాకా నిలబడ్డాను. రాయి అప్పటికే నా చేతి వేడికి వెచ్చబడింది. గబుక్కున కొంగులో వేసుకున్నాను.

ఇప్పుడు దాన్ని మంచినీళ్ల కుండ కింద, తడి ఇసుకలో ఉంచుతున్నాను. ఎండాకాలం రెండుసార్లు ఇసుక తడుపుతాను. "గా రాయికి ఫ్యాన్ సుత పెట్టరాదూ," అని మా ఆయన ఎగతాళి చేస్తాడు, కానీ నేను ఊరికి పోతే తడిపేది ఆయనే. ఆమె గది ఖాళీగా లేదు, ఎవరో కోర్సు పిల్లలున్నారు. ఆ కిటికీ వైపు మాత్రం చూపు పోతూనే ఉంటుంది.

ఆదివారాలు ఫోన్ చేస్తుంది. మెడ ఎట్లుందని అడుగుతాను. తర్వాత, "దొరికిందా బిడ్డా?" అంటాను.

"ఇంకా లేదు పిన్నిగారూ. మన రాయి ఎలా ఉంది?"

వంగి, ఇసుకలోకి వేలు పెట్టి చూసి చెబుతాను.

"సల్లగ ఉన్నది."