మెత్తటి గొట్టం

మా రైల్వే కాలనీలో బంగారయ్యగారంత మొండిమనిషి ఇంకొకరు లేరు. రాయపూర్ వ్యాగన్ రిపేరు షాపులో బ్రేకు గొట్టాలు బిగిస్తూనే జుట్టు నెరిసిన ఫిట్టరు ఆయన. గొట్టం చేతికిస్తే ముందు వంచి చూసేవారు. మెత్తగా వంగిందా, వ్యాగన్‌కి ఎక్కుతుంది. బిరుసుగా ఉందా, చెత్తలోకి. బిరుసెక్కిన రబ్బరు పగిలి గాలి వదిలేస్తుందని ఆయన లెక్క. షాపులో ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు.

తొంభై ఏడులో ఆయన భార్య తాయారమ్మగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. మంచానికి ఎదురుగా చేపలతొట్టి. ఆవిడకి చేపల గొడవ పట్టదు, చూపంతా అందులోని పొడుగాకుల గడ్డి మీదే. కోనసీమలో పుట్టింటి కాలువలోంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్న గడ్డి అది. ఆ తరవాత కాలువకి సిమెంటు చేసేశారు, అక్కడింక ఆ గడ్డి మొలవదు. పుట్టిల్లన్నది ఆవిడకి ఇక ఆ తొట్టిలోనే మిగిలింది.

ఆ గడ్డి పసుపురంగుకి తిరిగి కుళ్లడం మొదలెట్టింది.

బజార్లో పెంపుడు చేపల కొట్టు నడిపే పరదేశి అనే అతను ఉపాయం చెప్పాడు. సీసాలో పంచదార నీళ్లు, ఈస్టు కలిపి మూత బిగిస్తే కార్బన్ డయాక్సైడు గ్యాసు పుడుతుంది. దాన్ని గొట్టంతో తొట్టిలోకి వదిలితే మొక్క బతుకుతుంది. చెప్పి, ఒక గట్టి ప్లాస్టిక్ గొట్టం ఇచ్చాడు.

బంగారయ్యగారు వంచి చూసి నవ్వారు. "ఇదేం గొట్టమయ్యా, కర్రలాగుంది. ఇలాంటివి రోజూ కండెమ్ చేసి చెత్తలో పడేసేవోణ్ణి. ఆ తెల్లటి సిలికాన్‌ది ఇయ్యి."

"ఆప్ కీ మర్జీ, బాబూజీ," మీ ఇష్టమన్నాడు పరదేశి.

సీసాలోంచి కల్లు వాసన కొడుతుంటే తాయారమ్మగారికి పడేది కాదు. అందుకని సీసాని పెరట్లో పెట్టి, గొట్టాన్ని గోడల వెంట చుట్టూ తిప్పి తొట్టిదాకా లాగారు. తొట్టిలో ఎప్పుడో ఒక బుడగ వచ్చేది. బంగారయ్యగారు అతుకతుక్కీ సబ్బునురగ రాసి చూశారు. ఎక్కడా పొంగలేదు.

"గాలెక్కడా పోటంలేదే, తాయారూ."

"మరి గడ్డెందుకు కుళ్లిపోతందండీ?"

ఆయన వెళ్లి సీసాలో ఇంకాస్త పంచదార పోశారు. రేషన్ పంచదారంతా సీసా తాగేస్తోందని పక్కింట్లో ఉండే నేను వేళాకోళం కూడా చేశాను.

వానాకాలానికి ఒక్క దుబ్బు మిగిలింది. బంగారయ్యగారు గొట్టం చుట్ట చుట్టి పట్టుకుని పరదేశి దగ్గరికి బయల్దేరితే నేనూ వెళ్లాను. ఎంత పొడుగుందో చూసి పరదేశి తల పట్టుకున్నాడు. కారేది అతుకుల దగ్గర కాదట. సిలికాన్ గొట్టం ఒంట్లోంచే ఈ గ్యాసు బయటికి పోతుందట, పొడుగు పెరిగేకొద్దీ ఇంకా పోతుందట. సబ్బునురగకి అది దొరకదు. గట్టిది ఇచ్చింది అందుకేనన్నాడు. బంగారయ్యగారు వాదించలేదు. ఆయన వాదించకపోవడం నేను చూడటం అదే మొదలు, నాకు భయమేసింది.

గట్టి గొట్టం తెచ్చి బిగించారు. బుడగలు వరసకట్టి లేచాయి. అప్పటికే ఆఖరి దుబ్బు వేరు కుళ్లి పైకి తేలిపోయి ఉంది. దాన్ని ఇసుకలో గుచ్చారు, మళ్లీ తేలింది. మళ్లీ గుచ్చబోతుంటే ఆకులు చేతిలోనే చిదికిపోయాయి.

తాయారమ్మగారు ఉత్త నీళ్లని కాసేపు చూశారు.

"ఇప్పుడు బాగా వస్తన్నాయండీ బుడగలు."

"వేరే గడ్డి తెస్తానే."

"వద్దండి. మంచం ఆ గోడేపుకి తిప్పించండి."

ఆయన తలవైపు పట్టుకున్నారు, నేను కాళ్లవైపు. గోడకేసి తిప్పేశాం.