పొగ తాగిన స్టూలు కాళ్లు

ఈ రోజు నా స్టూలు గెలిచింది! ఊరి బళ్లో పాఠాలు చెప్పుకుంటూ సరదాకి వడ్రంగం నేర్చుకుంటున్న నేను చేసిన నాలుగో స్టూలు ఇది. మొదటి మూడింటికీ నెల తిరక్కుండానే కాళ్లు వదులైపోయాయి. మూడోదాని మీంచి మావారు కింద పడ్డాక మా ఇంట్లో నా ఉలికీ రంపానికీ పరువు పోయింది.

మా పక్కింటి కాఫీ రైతు సోములమ్మ గొడ్డలి పిడి మాత్రం ఏళ్లుగా కదల్లేదు. అందుకే ఈసారి ఆవిడ మాట విన్నాను. కాళ్ల చెక్కల్ని వానాకాలమంతా ఆవిడ పొయ్యి మీద, మొక్కజొన్న పొత్తుల పక్కన వేలాడదీశాం. పైపలకను మాత్రం ఆరబెట్టలేదు. బాగా ఎండిన కాలు పలకలోని తేమకి ఉబ్బుతుంది, పలక ఆరుతూ దాన్ని పట్టేస్తుంది.

బిగించి రెండు నెలలైంది. ఈ సాయంత్రం సోములమ్మ వచ్చి, స్టూలుని ఒక్క కాలు పట్టుకుని ఎత్తి ఊపింది. నేలకేసి రెండుసార్లు కొట్టింది. ఎక్కి కూర్చుని అటూ ఇటూ ఊగింది. కిర్రుమని కూడా అనలేదు! లేచి, దాన్ని చంకలో పెట్టుకుని బయల్దేరింది.

"సోములమ్మా, అదెక్కడికి?" అన్నాను.

"మా ఇంటికే పంతులమ్మా. నాలుగు నెల్లు మా పొయ్యి పొగ తాగినాయి దీని కాళ్లు. ఇంక నీకేటి సమ్మందం?"

వెనకనుంచి మావారు, "ఇంకోటి చెయ్యి, ముందు నేనే కూర్చుంటా" అన్నారు.

మీరు చేసిన వస్తువుని ఎవరైనా ఇంత దర్జాగా ఎత్తుకుపోయారా? లేదంటే ఇంకా ప్రాక్టీసు చెయ్యండి.