పాల్వంచకొచ్చిన సముద్రపు చేప

మా పక్కింటి దేవ్లా పాల్వంచ కరెంటు ప్లాంటులో ఆపరేటరు. బాయిలర్‌కు పోయే నీళ్ళలోంచి ఉప్పును తీసేయడం అతని పని. చాయ్ దుకాణంలో మంచినీళ్ళ గ్లాసిచ్చినా, వెలుతురుకెత్తి చూసిగానీ తాగడు.

ఒకసారి విశాఖ వెళ్ళినప్పుడు, అలలు కొట్టే బండ మీద వేలెడంత చేప నీటి బయట కూర్చుని అతన్నే చూసిందట. "మనిషి లెక్క చూసిందన్నా!" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో. చివరికి అదే జాతిలో తొట్టిలో బతికే రకం ఒకటి తెచ్చుకున్నాడు. పేరు బ్లెన్నీ. ఒక్కటే ఉండాలి, దూరడానికి కన్నాలున్న రాళ్ళుండాలి, ఎగిరి దూకుతుంది కాబట్టి మూత గట్టిగా ఉండాలి అన్నాడట దుకాణదారు. అన్నీ అమర్చాడు. ఉప్పు తీసే చేత్తోనే నీళ్ళలో ఉప్పు కలిపాడు.

నేను రోజూ వెళ్ళి కూర్చునేవాణ్ణి. చేప రాతి కన్నంలోంచి తల బయటపెట్టి, ముందు రెక్కలను మోచేతుల్లా ఆనించి, ఒక కన్ను నా వైపు, ఇంకో కన్ను దేవ్లా వైపు తిప్పేది. అడవి అంచున ఉన్న ఈ ఊళ్ళో, మా ఇద్దర్నీ ఒకేసారి చూస్తున్న సముద్రపు జీవి!

కొన్నాళ్ళకు దాని పొట్ట లోపలికి పోయింది. గింజలు వేస్తే ముట్టలేదు. నీళ్ళలోనే ఏదో దోషముందని దేవ్లా రాళ్ళూ అద్దాలూ మరింతగా రుద్దసాగాడు.

"సచ్చిపోతదేమో అన్నా," అన్నాడు.

అతని భార్య మోతీ వంటింట్లోంచి వచ్చింది. "నా చీర మీద మరక కానరాదు గానీ, రాయి మీద పాచి మాత్రం కానొస్తది ఈయనకు," అంటూ తొట్టిలోకి వంగింది. "అగో, ఆ పైపు ఎనక జూడు. నీ బ్రష్ పోని మూలకే పోయి పాచి గీకుతున్నది. మేకను కట్టేసి, దాని ముందరి ఆకంతా ఊడ్చి పారేస్తే ఏం తింటదయ్యా? తండాల పుట్టినోనివేనా నువ్వు?"

దేవ్లా బ్రష్ కింద పెట్టేశాడు.

ఒక రాయిని ఉప్పునీళ్ళ బకెట్లో వేసి డాబా మీద ఎండలో పెట్టాడు. అది పచ్చబడేదాకా ఆ పైపు వెనకున్న కాస్త పాచే చేపను నిలబెట్టింది. పచ్చటి రాయిని తొట్టిలోకి దించిన రోజు నన్ను కేకేసి పిలిచాడు. చాలాసేపు చేప కదల్లేదు. దేవ్లా ఊపిరి నాకు వినబడుతోంది. అప్పుడది కన్నంలోంచి జారి వచ్చి, రాయెక్కి, ముందుకు ఒరిగి కొరికింది. కొరికిన చోటల్లా చిన్న పెదవుల గుర్తు. పచ్చటి రాయి మీద అలాంటి గుర్తులు ఒకదాని పక్కన ఒకటి పడుతుంటే, మేమిద్దరం గుళ్ళో ఉన్నట్టు నిలబడిపోయాం.

"తింటున్నది గదా," అంది మోతీ వెనకనుంచి. "ఇగ నువ్వు గూడ తినుపో. పొద్దటి సంది ఏం ముట్టలే."

దేవ్లా కదల్లేదు. ఆమె కంచం అక్కడికే తెచ్చింది.