అవ్వ గదిలో పెట్టిన మైకు

పెద్దవాళ్లకు మేలు చేయబోయి వీధంతటికీ నవ్వులపాలైన మొనగాణ్ణి మీరు చూడాలనుకుంటే ఎక్కడికీ పోనక్కర్లేదు. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది వాడే.

తొంభైల చివర్లో, హిందూపురంలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి, మా ఊరు ధర్మవరంలో టీవీలు రిపేరు చేస్తుండేవాణ్ణి. వైరు కనబడితే కోసి అతికించే వయసు. అప్పుడే మా అవ్వ స్నానాల గదిలో జారిపడింది. దెబ్బ పెద్దది కాదు కానీ, వెనక గదిలో ఉండే మనిషి పిలిస్తే వినబడదని అమ్మకు బెంగ పట్టుకుంది. నాకది చాలు. మైకూ ట్రాన్స్‌మిటరూ కలిపి ఒక డబ్బా చేసి, అవ్వ గదిలో క్యాలెండరు వెనక తగిలించాను. గదిలో మాట వంటింటి రేడియోలో పలుకుతుంది. అవ్వను అడిగావా అంటారేమో. పెళ్లికే పిల్లను అడగని ఇళ్లు మావి, మైకుకు అడుగుతామా?

ఒక్క సంగతి మరిచాను. మాది మగ్గాల వీధి. మగ్గానికొక రేడియో, పొద్దంతా మోగుతూనే ఉంటుంది. నా డబ్బాకు మా వంటిల్లేదో ఎదురిల్లేదో తెలియదు కదా.

మధ్యాహ్నం నేను రిపేర్లకు పోయి, అమ్మ కునుకు తీసే వేళ, అవ్వ తలుపేసుకుని చనిపోయిన తాతతో మాట్లాడుకునేది. మోకాళ్ల నొప్పి, కోడలి పులుసులో ఉప్పు, మాకెవరికీ చెప్పనివన్నీ ఆయనకే. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇక్కడ వినేవాళ్లందరికీ చెప్పే అవ్వ లోకువైపోయింది.

ఒక సాయంత్రం ఎదురింటి ఓబులేసు చీర పట్టుకుని వచ్చాడు.

"అవ్వా, అంచు ఇప్పుడన్నా సరిగ్గా ఉండాదా? నిన్న వంకరని అంటివి కదా."

"నీతో యాడంటి?"

"నాతో కాదులే, తాతతో. రేడియోలో విన్యా. నన్నొదిలిపెట్టి ముందే పోతివే అని తాతను అడిగితివి చూడు, ఆడ మా ఇంటిది ఏడ్చేసింది. వీధంతా మగ్గాలు నిలిపి వింటాండారు."

అవ్వ నా వంక చూసింది. ఆ చూపుకు మగ్గం గుంతలో దూరేవాణ్ణే, అది ఓబులేసు ఇంట్లో ఉండబట్టి ఆగాను.

"నువ్వు పడితే వినబడాలని పెట్టినా అవ్వా."

"పడితే ఎముకే కదప్పా ఇరిగేది. ఇప్పుడు మీ తాతతో మాట్లాడేదానికి నాకు చోటే లేకపాయ. నా గది నాది కానప్పుడు ఈడెందుకు? పెనుకొండలో మీ మేనత్త ఇంటికి పోతా."

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. తీసేస్తానంటూ గదిలోకి పోబోయాను.

"ఉండు. ఒక మాట చెప్పుకుని వస్తా," అని అవ్వ లోపలికెళ్లి తలుపేసుకుంది. ఓబులేసు పోయి వంటింటి రేడియో పెట్టాడు.

"వింటాండారా? ఇది తాతతో కాదు, మీతోనే. ఈ డబ్బా చేసిన మా మనవడు హిందూపురానికి పెండ్లిపిల్లను చూసేకి పోయి, సిగ్గుకు తల ఎత్తక, వాళ్లమ్మ అనుకుని పిల్ల కాళ్లకే మొక్కొచ్చినాడు. నాకొక్కదానికే చెప్పుకున్యాడు, యాడా చెప్పొద్దని. నేను మనుషులెవరికీ చెప్పలేదు. డబ్బాకే చెప్తాండా."

వీధి ఆ చివర నుంచి ఈ చివరకు నవ్వు వచ్చి మా గుమ్మంలో ఆగింది. అవ్వ తలుపు తీసి, "ఇంక పీకెయ్యప్పా," అంది. పెనుకొండ ప్రయాణం కూడా మానేసింది. నాకు అంతకంటే ఏం కావాలి?

అందుకే ఓబులేసు మగ్గం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఇకమీదట అడక్కుండా, సరేననిపించుకోకుండా ఏ పెద్దవాళ్ల గదిలోకీ నా వైరు పోదు, నా చెవీ పోదు. వాళ్లు సరేనన్నా, నా రహస్యాలేవైనా వాళ్ల దగ్గరున్నాయేమో చూసుకున్న తర్వాతే డబ్బా పెడతాను.