ఊరేగింపు మామయ్య

మా మామయ్య సైకిలు తొక్కేది రోడ్డు నట్టనడుమ. వెనక కారుండనీ, బస్సుండనీ, అంగుళం పక్కకి జరగడు. పోనీ వేగంగా పోతాడా అంటే అదీ లేదు, పెళ్లినడక. ఆయన వెనక ఎప్పుడూ బళ్లు బారు కట్టి ఉంటాయి కాబట్టి ఊళ్లో అందరూ ఆయన్ని 'ఊరేగింపు' అంటారు.

"ఒరే, అంచున పోతే ఏమవుతుంది? ఆగి ఉన్న కారువాడు తలుపు తీస్తాడు, మనం ఎగిరి వాడి ఒళ్లో పడతాం. వెనకవాడు సందు దొరికిందని మన చెవి రాసుకుంటూ పోతాడు. ఇరుకు రోడ్డులో సైకిలువాడు మధ్యలోనే పోవాలి. అది రూలు!"

"వెనక పాతిక బళ్లున్నాయి మామయ్యా!"

"అంటే పాతికమందికి కనపడుతున్నానన్నమాట. ఇంకేం కావాలి?"

ఒకసారి ఆ బారులో మూడో కారు మా మేనేజరుది. ఈ పెద్దమనిషెవరో నాకు తెలియనట్టు మొహం తిప్పుకుని అంచున తొక్కుతున్నాను. "ఒరే మేనల్లుడా, మధ్యకి రారా!" అని మామయ్య పొలికేక పెట్టాడు.

ఆయన పనిచేసేది కళ్లద్దాల దుకాణంలో. కొత్త అద్దాలు పెట్టి, "బాగా కనపడుతోందా?" అని అడుగుతాడు. అవునంటే, "మరి నిన్న నేను కనపడలేదేం, అంత హారన్ కొట్టారు?" అంటాడు.

ఇంట్లోనూ ఇదే రూలు. మెట్లెక్కినా మధ్యలోనే, మంచమెక్కినా మధ్యలోనే. "నాకు మిగిలేది ఫుట్‌పాతే నాయనా" అనేది అత్తయ్య.

ఇలా ఉండగా యాభై దాటాక అత్తయ్యకి ఉద్యోగం వచ్చింది. వంతెన అవతల ఆస్పత్రిలో తెరలూ దుప్పట్లూ కుట్టే పని. జన్మలో మొదటి ఉద్యోగం. అటు బస్సు పోదు. పట్టుబట్టి సైకిలు నేర్చుకుంది. సందుల్లో బాగానే తొక్కేది గానీ, వంతెన మీద వెనక లారీ హారన్ వినపడితే చాలు, దిగిపోయేది. పనిలో చేరడానికి ముందురోజు కూడా అంతే.

"రానని చెప్పేస్తానండీ. ఈ వయసులో నాకెందుకివన్నీ" అని కళ్లొత్తుకుంది.

వింత ఏమిటంటే, మామయ్య రూలేమీ చెప్పలేదు. "రేపు నీ వెనకే వస్తాను. నువ్వు మాత్రం వెనక్కి చూడకు" అన్నాడు.

తమాషా చూద్దామని నేనూ బయల్దేరాను. ముందు, దొంగని పట్టుకున్నట్టు హ్యాండిల్ పట్టుకుని అత్తయ్య. వెనక నట్టనడుమ మామయ్య. ఆయన వెనక నేను, నా వెనక లారీ. వంతెన ఎక్కామో లేదో, లారీ బ్రహ్మాండంగా కూసింది. అత్తయ్య సైకిలు పాములా మెలికలు తిరిగింది.

"ఏమండీ, లారీనా?"

"కాదే, ఫ్యాక్టరీ సైరను. నువ్వు తొక్కు!"

మామయ్య నోట అబద్ధం వినడం నాకదే మొదలు. వెంటనే నా వైపు తిరిగి, "ఒరే, వెళ్లి ఆ డ్రైవరుకి సంగతి చెప్పు" అని గొణిగాడు.

నేను వెనకబడి లారీ కిటికీ పక్కకి చేరాను. డ్రైవరు తల బయటపెట్టి, "ఏంటయ్యా, రోడ్డు మీ తాతదా?" అన్నాడు.

"ముందు వెళ్తున్నది మా అత్తయ్య. ఉద్యోగంలో మొదటి రోజు. హారన్ వింటే దిగిపోతుంది, ఇంటికెళ్లిపోతుంది."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ!" అని అతను చెయ్యి బయటికి చాపి, వెనక బళ్లన్నిటికీ నోరు మూసుకోమని సైగ చేశాడు. అంతే, ఊరేగింపు ఊరేగింపంతా పిల్లిలా అడుగులేసుకుంటూ వంతెన దాటింది.

ఆస్పత్రి సందులోకి తిరిగాక అత్తయ్య దిగి, చెమట తుడుచుకుంది. మొహం వెలిగిపోతోంది.

"చూశారా? ఒక్క బండి రాలేదు! ఊరికే భయపడి చచ్చాను."

"అవునవును. ఖాళీ వంతెన" అన్నాడు మామయ్య.

అప్పట్నుంచీ కళ్లద్దాల దుకాణం అరగంట ఆలస్యంగా తెరుస్తున్నారు. వెనక్కి చూడొద్దన్న మాట అత్తయ్య ఇప్పటికీ జవదాటలేదు. కానీ మొన్న నన్ను పక్కకి పిలిచి అంది:

"మీ మామయ్యకి నువ్వైనా చెప్పు నాయనా. పురుగు తిరగని రోడ్డు. మధ్యలో ఎందుకు, కాస్త పక్కగా తొక్కితే ఆయన సొమ్మేం పోయింది?"