గద్దనీడ కింద ఇద్దరం

ఆళ్లగడ్డలో మా ఇంటి వీధితలుపు వెనక నేను ఏళ్లుగా నిలబడే ఉన్నాను. ఇల్లు మారాను, నంద్యాల వచ్చేశాను, జుట్టు నెరిసింది. ఆ తలుపు వెనక నుంచి మాత్రం బయటికి రాలేదు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లతో అయితే వాదిస్తాను. వాదిస్తే గెలుస్తాను. ఇందులో నేను గెలవకూడదు.

అప్పట్లో ఉమ్మడి కాపురం. నేను రోజూ బస్సెక్కి నంద్యాల వెళ్లి కాలేజీలో ఆడపిల్లలకు జంతుశాస్త్రం చెప్పేదాన్ని. "మా పెద్దకోడలు నోరు తెరిస్తే బ్రేకుల్లేని బస్సయినా నిలబడతాది" అని మా అత్త వీధంతా చెప్పి నవ్వేది. నాకదొక బిరుదు.

ఇదంతా జరిగిన వారమే క్లాసులోకి కోడిపిల్లలను తెప్పించాను. అట్టను గద్ద ఆకారంలో కత్తిరించి, దారం కట్టి, వాటి మీదికి దించాను. నీడ పెద్దదవుతూ వచ్చేసరికి పిల్లలన్నీ నేలకు అతుక్కుపోయాయి. కూత లేదు, కదలిక లేదు. అమ్మాయిలు నవ్వారు. నవ్వొద్దన్నాను. అది పిరికితనం కాదు, మెదడులో చూపు సంగతి చూసే దృక్ లంబికలని ఉంటాయి, మీదికొచ్చేది కంట్లో పెద్దదవుతున్నప్పుడు పరుగెత్తాలా బిగుసుకుపోవాలా అన్నది ఆలోచన పుట్టకముందే తేలిపోతుంది, కోడిపిల్లను ఎవరూ అడగరు అన్నాను. బాగా చెప్పానని మురిసిపోయాను కూడా.

ఆదివారం. మా మరిది భార్య ఓబులమ్మ అరుగు దగ్గర ఉంది. దాని మూడేళ్ల కొడుకు వీధి మధ్యలో మట్టితో ఆడుకుంటున్నాడు. ఎవరో ఎదురుగా ఠక్కున గొడుగు తెరిచారంట. ఖాళీ బండితో పోయే ఎద్దులు బెదిరి వీధిలోకి తిరిగాయి. ఓబులమ్మ చూసింది. నిలబడిపోయింది.

నేనూ చూశాను.

తలుపు మీద చెయ్యి ఉంది నాకు. కొమ్ములు పెద్దవవుతున్నాయి. పేరు పెట్టి ఒక్క అరుపు అరిస్తే వాడు లేచి గడపలోకి వచ్చేవాడేమో. బస్సులను నిలబెట్టే నోరు తెరుచుకోలేదు. అంతా అయిపోయాక నా కాళ్లు కదిలాయి. ఎటు? పెరట్లోకి. వెళ్లి తడిగుడ్డ ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

పిల్లాణ్ణి మట్టి చేసి వచ్చాక మా అత్త నన్ను కూర్చోబెట్టింది.

"ఏమ్మే పెద్దదానా, నువ్వు యాడుంటివి అప్పుడు?"

"పెరట్లో గుడ్డలు ఆరేస్తాండా అత్తా."

"సదువుకున్నదానివి, నువ్వే చెప్పు. కన్నబిడ్డ మీదికి బండి వస్తాంటే ఏ తల్లన్నా రాయి మాదిరి నిలబడతాదా?"

గోడకానుకున్న ఓబులమ్మ తలెత్తింది. "కాళ్లు రాలేదక్కా. అరుద్దామంటే గొంతు రాలే. ఏమైందక్కా నాకు? నువ్వన్నా చెప్పు."

"నువ్వు నోరు మూయి. పెద్దదాన్ని అడుగుతాండా."

నాకు జవాబు తెలుసు. అమ్మాయిలకు బోర్డు మీద గీసి మరీ చెప్పాను. కానీ అది చెబితే, బిగుసుకుపోవడం ఎట్లుంటాదో నీకెట్ల తెలుసని ఎవరైనా అడిగితే? ఎవరూ అడిగేవాళ్లు కాదని ఇప్పుడు తెలుస్తోంది.

"నిలబడదత్తా," అన్నాను. "పిల్లల మీదికి గద్దొస్తే కోడే ఎగిరి తంతాది. ఇది తల్లి."

ఓబులమ్మ మళ్లీ ఏమీ అడగలేదు. చదువుకున్న అక్క చెప్పింది కదా, నమ్మింది. పదిరోజులుండి రమ్మని మిడుతూరు దగ్గర పుట్టింటికి పంపారు. ఎవరూ పిలుచుకు రాలేదు. మా మరిది ఇంకొకర్ని చేసుకున్నాడు. ఆ పెళ్లిలో నేను వడ్డించాను.

అది భయపడి అన్న మాటేనా? లేక అందరూ నా నోటివైపు చూస్తుంటే కలిగిన ఆ దరిద్రపు గర్వమా? రెండూ అని ఒప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది. ఏటా ఆ పాఠం వస్తుంది. ఏటా ఒక అమ్మాయి లేచి, మనుషులక్కూడా అంతేనా మేడం అంటుంది. సిలబస్‌లో లేదు, కూర్చో అంటాను.

ఓబులమ్మ ఇంకా పుట్టింట్లోనే ఉంది. ఎవరి బిడ్డనూ ఎత్తుకోదంట. ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకుంటాదంట. మిడుతూరు బస్సు మా కాలేజీ ముందు నుంచే పోతుంది. నేనింతవరకూ ఎక్కలేదు. రేపు ఎక్కుతానని మీకు మాటివ్వను.

ఆ రోజు దాని కాళ్లు దాన్ని అడగలేదు. నా కాళ్లూ నన్ను అడగలేదు. అంతవరకూ ఇద్దరం ఒకే నీడ కింద కోడిపిల్లలం. కానీ ఆ సాయంత్రం అత్త ముందు నా నోరు బిగుసుకుపోలేదు. దాన్ని నేనే కదిలించాను.

ఇదిగో, చెప్పాను.